కోడ్ రాక కాదు.. కంప్యూటర్ల సామాన్ కుదురక ఆగిపోతున్నరు

మొన్న ఎండకాలం మా వాడకట్టు పోరడు ఒకడు రాత్రి తొమ్మిది గొట్టంగ ల్యాప్‌టాప్ సంకల వెట్టుకొని మా ఇంటికొచ్చిండు. ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. మొఖం వాడిపోయింది. "అన్నా, ఎల్లుండి కాలేజీల ప్రాజెక్టు సూపెట్టాలె. ఇది నడుస్తలేదు" అన్నడు.

ఏంది ప్రాజెక్టు అంటే పంట ధర ముందుగాల్నే అంచనా గట్టే ప్రోగ్రామ్. నువ్వే రాసినవా అని అడిగితే తల కిందికి వెట్టిండు. పట్నంల ఒక దుకాణంల ఆరు వేలు వెట్టి కొనుక్కొచ్చుకున్నడట. ఆడ వాళ్ల కంప్యూటర్ల మంచిగనే నడిచింది. ఈడ తన డబ్బాల ఏస్తె ఎర్రగ నలభై లైన్ల ఎర్రర్. దుకాణపోల్లకు ఫోన్ జేస్తె "మా దగ్గర నడిచింది గదా" అన్నరు. ఆ ఆరు వేలు వాళ్ల నాయిన పత్తి అమ్మిన పైసల్లకెంచి ఇచ్చినయి.

ఇంతకు ముందు వీడు సొంతంగ రాద్దామని మూడు నెల్ల కింద మొదలువెట్టిండట. ఏం జరిగింది మరి? ఒక లైబ్రరీ ఎక్కలే. రెండొద్దులు కుస్తీ పట్టిండు. ఇగ "నాకు బుర్ర లేదు, ఇది మనతోని అయ్యే పని గాదు" అని వదిలేసిండు. కోడ్ ఒక్క లైన్ గూడ రాయకముందే ఓడిపోయిన అనుకున్నడు.

గీ ముచ్చట ఒక్కని ముచ్చట గాదు. ఊర్లకెంచి పోయి కంప్యూటర్ సదువు సదివే పిల్లల్ల శానమంది ఆగిపోయేది లెక్కల కాడ గాదు, లాజిక్ కాడ గాదు. పైథాన్ ఎక్కించుకునే కాడ, ప్రాజెక్టుకు కావాల్సిన లైబ్రరీలు దెచ్చుకునే కాడ. పట్నం పోరనికి ఇంట్ల అన్ననో, పక్క ఫ్లాట్ల సాఫ్ట్‌వేర్ మామనో ఉంటడు. పది నిమిషాల్ల సరిజేసి పోతడు. మనకు గా మనిషి ఉండడు. ఫరక్ గంతే. తెలివిల ఫరక్ లేదు.

గందుకే ఇయ్యాల గా పని ఏందో, ఎందుకు చెడుతదో, ఎట్ల జేసుకోవాలెనో మన మాటల జెప్పుకుందాం. ఒక మాట ముందుగాల్నే: కమాండ్లను ఫోన్ల పక్కోనికి జెప్పినట్టు పలికే తీరుగ రాస్తున్న. మీరు ఇంగ్లిష్ అక్షరాల్ల కొట్టుకోవాలె.

అసలు ఏమేం కావాలె?

ప్రోగ్రామ్ అంటే ఒక్క ఫైల్ గాదు. దాని ఎనుక మూడు సామాన్లుంటయి. ఒకటి, పైథాన్ అసొంటి భాష. మనం రాసింది సదివి పని జేసేది అదే. రెండు, వేరేటోళ్లు రాసి ఉత్తగనే ఇచ్చిన లైబ్రరీలు. లెక్కలకు నమ్‌పై, పట్టికలకు పాండాస్, వెబ్‌సైటుకు ఫ్లాస్క్ గిట్ల. మూడు, రాసుకునేటందుకు వీఎస్ కోడ్ అసొంటి ఎడిటర్.

గీ లైబ్రరీలన్నీ పైపీఐ అనే పెద్ద అంగట్ల ఉంటయి. పిప్ అనేటోడు మన జీతగాడనుకోండ్రి. ఫలానాది కావాలె అంటే అంగడికి పోయి పట్టుకొస్తడు. గా లైబ్రరీకి ఇంకో నాలుగు లైబ్రరీలు కావాల్సుంటే అవి గూడ దెస్తడు. వాటికి ఇంకో రెండు. మీరు ఒక్క పేరు జెప్తె పది సామాన్లు రావుడు గందుకే. వీటినే డిపెండెన్సీలు అంటరు. అంటే మన ప్రోగ్రామ్ ఆధారపడ్డ సామాన్లు.

పెద్ద కంపెనీలు గూడ గీ గొలుసు మీదనే నడుస్తున్నయి. 2016 మార్చిల లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీని రాసినాయన దాన్ని అంగట్లకెంచి తీసేసుకున్నడు. అది మొత్తం జేస్తె 11 లైన్ల కోడ్. గా 11 లైన్ల మీద ఆధారపడ్డ రియాక్ట్, బాబెల్ అసొంటి పెద్ద పెద్ద ప్రాజెక్టుల పని దునియా మొత్తం మీద ఆగమైంది. మళ్ల దాన్ని జాగల వెట్టేదాంక లొల్లి తగ్గలే. గట్లుంటది డిపెండెన్సీ అంటే. గందుకే మీ దగ్గర ఎర్రర్ వచ్చిందంటే మీకు బుర్ర లేదని గాదు. గొలుసుల ఒక కొండి ఊడిందని అర్థం.

ఒకే మడిల వరి, పత్తి ఏస్తె ఏమైతది?

ఇది సమజైతె సగం పని అయినట్టే. వరికి మడిల నీళ్లు నిలవాలె. పత్తికి నీళ్లు నిలిస్తె ఏరు కుళ్లుతది. రెండూ మంచి పంటలే. గాని ఒకే మడిల రెండూ ఏస్తె ఒకటి సస్తది. గందుకే నడుమ ఒడ్డు వెడ్తం.

కంప్యూటర్ల గూడ అంతే. ఒక ప్రాజెక్టుకు పాండాస్ పాత వెర్షన్ కావాలె. ఇంకోదానికి కొత్తది కావాలె. ఒక పైథాన్ల ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే ఉంటది. కొత్తది ఎక్కిస్తె పాతది పోతది. నిన్నటిదాంక నడిచిన ప్రాజెక్టు ఇయ్యాల పడుకుంటది. "నేనేం ముట్టుకోలె, అదే చెడిపోయింది" అని మనం పరేషాన్ అయితం.

దీనికి ఒడ్డు ఏందంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో మడి. దాంట్ల ఎక్కించిన లైబ్రరీలు దాంట్లనే ఉంటయి, పక్కదాన్ని ముట్టయి. పైథాన్‌తోని పాటే ఇది వస్తది, పైసలు గిట్ల ఏం లేవు. 2012ల వచ్చిన పైథాన్ 3.3 కెంచి లోపల్నే ఉన్నది. పదేండ్లు దాటింది, అయినా శాన కాలేజీ ల్యాబ్‌లల్ల గీ ముచ్చట జెప్తలేరు.

ఇగ చేతుల వెట్టుకుందాం

మొదటి అడుగు, పైథాన్ ఎక్కించుడు. పైథాన్ సొంత వెబ్‌సైట్ కెంచే దించుకోండ్రి. విండోస్‌ల ఇన్‌స్టాలర్ తెరువంగనే మొదటి తెర మీద కింద ఒక చిన్న డబ్బా ఉంటది, పాత్‌కు పైథాన్ కలుపు అని. దానికి టిక్కు వెట్టాలె. పాత్ అంటే అడ్రస్ పుస్తకం అసొంటిది. మీరు పైథాన్ అని పిలిస్తె కంప్యూటర్ గా పుస్తకంల సూసి ఎక్కడున్నదో ఎతుక్కుంటది. టిక్కు వెట్టకపోతె పైథాన్ ఇంట్లనే ఉంటది గాని అడ్రస్ దొర్కది. శానమందికి పైథాన్ అని కొట్టంగనే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుసుకుంటది. గది వైరస్ గాదు. అడ్రస్ దొర్కలే, స్టోర్‌ల కావాలెనా అని విండోస్ అడుగుతున్నది, గంతే.

ఇంకో మాట. పైథాన్ కొత్త వెర్షన్ ఏడాదికొకటి, అక్టోబర్ల వస్తది. కొత్తది రాంగనే ఎగవడకుండ్రి. లైబ్రరీలు రాసేటోళ్లు దానికి తగ్గట్టు తయారయ్యేటందుకు కొన్ని నెలలు పడ్తది. దాని ముందటి వెర్షన్ తీసుకుంటె తక్లీబ్ తక్కువ.

రెండో అడుగు, మడి గట్టుడు. ప్రాజెక్టుకు ఒక ఫోల్డర్ చేసుకోండ్రి. పేరు ఇంగ్లిష్‌ల, నడుమ జాగ లేకుంట వెడ్తె మంచిది. గా ఫోల్డర్ల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గిట్ల కొట్టండ్రి: పైథాన్, స్పేస్, హైఫన్ ఎం, స్పేస్, వెన్వ్, స్పేస్, మళ్ల వెన్వ్. వెన్వ్ అంటే వి, ఇ, ఎన్, వి నాలుగక్షరాలు. మొదటిది పని పేరు, రెండోది మీరు మడికి వెట్టే పేరు. కొంచెంసేపు ఆగుతది, అప్పుడు ఫోల్డర్ల ఇంకో ఫోల్డర్ కనిపిస్తది.

మూడో అడుగు, మడిలకు దిగుడు. విండోస్‌ల వెన్వ్, బ్యాక్‌స్లాష్, స్క్రిప్ట్స్, బ్యాక్‌స్లాష్, యాక్టివేట్. లినక్స్‌ల అయితె సోర్స్, స్పేస్, వెన్వ్, స్లాష్, బిన్, స్లాష్, యాక్టివేట్. దిగినంక లైన్ మొదట్ల బ్రాకెట్ల వెన్వ్ అని కనిపిస్తది. అది కనిపియ్యకుంటె మీరింకా ఒడ్డు మీదనే ఉన్నరు. పవర్‌షెల్‌ల స్క్రిప్టులు నడువనియ్య అని ఎర్రగ తిడ్తె భయపడకుండ్రి. గది విండోస్ కాపలా. మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అదే కమాండ్ కొట్టండ్రి, నడుస్తది.

నాలుగో అడుగు, సామాన్ దెచ్చుకునుడు. పైథాన్, స్పేస్, హైఫన్ ఎం, స్పేస్, పిప్, స్పేస్, ఇన్‌స్టాల్, స్పేస్, లైబ్రరీ పేరు. ఒట్టి పిప్ అని గూడ కొట్టచ్చు. గాని డబ్బాల రెండు మూడు పైథాన్లుంటె గా పిప్ ఎవని జీతగాడో తెల్వది. ఒకని ఇంట్ల సామాన్ దించి ఇంకోనింట్ల ఎతుకుతం. ఎక్కించిన లైబ్రరీ లేదు అని ఎర్రర్ వచ్చేది శానసార్లు గందుకే. ముందట పైథాన్ హైఫన్ ఎం కలిపితె గా పైథాన్‌కే సామాన్ వస్తది.

వీఎస్ కోడ్ వాడేటోళ్లు ఇంకో పని జెయ్యాలె. కంట్రోల్, షిఫ్ట్, పి మూడు ఒక్కసారి ఒత్తి, పైథాన్ సెలెక్ట్ ఇంటర్‌ప్రిటర్ అని ఎతికి, మీ వెన్వ్‌ను ఎంచుకోవాలె. లేకుంటె కింద టెర్మినల్ల నడుస్తది, మీద బటన్ ఒత్తితె నడువది.

కిరాణం చిట్టీ

పెండ్లి సామాన్‌కు చిట్టీ రాస్తం గదా, ఏది, ఎంత, ఏ కంపెనీ అని. ప్రాజెక్టుకు గూడ గసొంటి చిట్టీ ఉంటది. రిక్వైర్‌మెంట్స్ డాట్ టీఎక్స్‌టీ అని పేరు. ఒక్కో లైన్ల ఒక్కో లైబ్రరీ, దాని పక్కపొంటి రెండు ఈక్వల్ గుర్తులు, వెర్షన్ నంబర్. మీ ప్రాజెక్టు నడిచిన రోజే మడిల ఉండంగనే పిప్, స్పేస్, ఫ్రీజ్, స్పేస్, కన్నా పెద్దది అనే గుర్తు, స్పేస్, గా ఫైల్ పేరు కొట్టండ్రి. చిట్టీ దానంతటదే తయారైతది. పక్కోడు దాన్ని దీసుకొని పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ ఆర్, చిట్టీ పేరు కొడ్తె సామాన్ మొత్తం ఒక్క దెబ్బకు వస్తది.

దోస్తులకు ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు వెన్వ్ ఫోల్డర్ జిప్పు గట్టి పంపకుండ్రి. దాంట్ల మీ డబ్బా అడ్రసులే రాసి ఉంటయి, పక్కోని దగ్గర నడువది. మడిని ఎత్తుకపోలేం గదా. చిట్టీ ఇయ్యండ్రి, వాళ్ల మడి వాళ్లు గట్టుకుంటరు.

ఆ పోరని ఎర్రర్ ఏందంటే..

ఇగ మొదట్ల జెప్పిన పోరని కాడికొద్దాం. నలభై లైన్ల ఎర్రర్ సూసి వాడు పైకెంచి సదువుడు మొదలువెట్టిండు. ఎర్రర్‌ను కిందికెంచి సదవాలె. పైథాన్ల అసలు మాట ఎక్కువసార్లు ఆఖరి లైన్ల ఉంటది. పైనున్నదంతా ఏడికెంచి ఏడికి పోయిందన్న దారి ముచ్చట.

వాని చిట్టీ తెరిచి సూసినం. నమ్‌పై 1.19 అని ఉన్నది. గది 2020 నాటిది. వీని డబ్బాల పైథాన్ 3.12, గది 2023 అక్టోబర్ల వచ్చింది. పాత నమ్‌పైకి కొత్త పైథాన్ కోసం తయారుజేసి వెట్టిన ప్యాకెట్ అంగట్ల లేదు. ప్యాకెట్ లేకుంటె పిప్ ఏం జేస్తడంటే ముడి సరుకు దెచ్చి ఇంట్లనే దంచ సూస్తడు. దంచాల్నంటె సీ కంపైలర్ అనే రోలు కావాలె, వీని దగ్గర లేదు. ఉన్నా దంచబడది, ఎందుకంటే గా పాత సరుకుకు కావాల్సిన డిస్ట్‌యుటిల్స్ అనే భాగాన్ని 3.12ల తీసేసిండ్రు. మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ కావాలె అని మీకెప్పుడన్న ఎర్రర్ వస్తె శానసార్లు కథ గిదే. కొన్ని జీబీల కంపైలర్ దించుకునే ముందు, పైథాన్ వెర్షన్‌కు లైబ్రరీ వెర్షన్ కుదిరిందా అని సూడండ్రి.

మరి నమ్‌పై కొత్తది ఎక్కిస్తె అయిపోదా అంటే, ఈడ కాదు. వాని ప్రాజెక్టుల ముందుగాల్నే నేర్పించి దాసిన మోడల్ ఫైల్ ఒకటున్నది. పాత లైబ్రరీలతోని దాసింది కొత్తవాటితోని తెరుసుకుంటదని గ్యారంటీ లేదు. గందుకే పైథాన్ 3.8 గూడ పక్కపొంటి ఎక్కించినం. రెండు పైథాన్లు ఒకే డబ్బాల ఉండచ్చు, కొట్లాడుకోవు. పి వై, స్పేస్, హైఫన్ మూడు పాయింట్ ఎనిమిది, స్పేస్, హైఫన్ ఎం వెన్వ్ వెన్వ్ అని కొడ్తె 3.8 తోని మడి తయారైతది. దాంట్లకు దిగి చిట్టీ ఇచ్చినం. అన్నీ ప్యాకెట్లే వచ్చినయి. నలభై నిమిషాల్ల ప్రాజెక్టు నడిచింది. ఒక మాట యాదికుంచుకోండ్రి, 3.8కు ఇప్పుడు సెక్యూరిటీ మరమ్మత్తులు బందయినయి. పాత ప్రాజెక్టు నడుపుకునేటందుకే గది. కొత్త పని కొత్తదాంట్లనే మొదలువెట్టాలె.

పేర్ల కాడ పైలం

కోడ్‌ల పిలిచే పేరు, అంగట్ల దొరికే పేరు ఒక్కటే ఉండాలెనని లేదు. కోడ్‌ల సీవీ2 అని ఉంటది, అంగట్ల ఓపెన్‌సీవీ పైథాన్ అని అడగాలె. కోడ్‌ల పీఐఎల్, అంగట్ల పిల్లో. కోడ్‌ల ఎస్‌కేలెర్న్, అంగట్ల సైకిట్ లెర్న్. పేరు తెల్వకుంటె గుడ్డిగ కొట్టకుండ్రి.

ఎందుకంటే గా అంగట్ల దొంగలు గూడ ఉన్నరు. 2018ల జెల్లీఫిష్ అనే మంచి లైబ్రరీ పేరుల చిన్న ఎల్ జాగల పెద్ద ఐ అక్షరం వెట్టి ఎవడో దొంగ ప్యాకెట్ ఎక్కించిండు. రెండూ కంటికి ఒక్కతీరుగనే కనవడ్తయి. ఎక్కించుకున్నోళ్ల డబ్బాలకెంచి తాళంచెవులసొంటి ఫైళ్లు దోసుకపోవుడు దాని పని. దొరికినంక తీసేసిండ్రు. గందుకే పేరును లైబ్రరీ సొంత పేజీల సూసి అక్షరం అక్షరం కొట్టండ్రి. వీడియోల ఎవరో ఆడ్మిన్‌గ నడుపుమన్నరని తెల్వని కమాండ్లు కొట్టకుండ్రి.

ఇంకో చిన్న తప్పు, అందరం జేసేదే. మీ సొంత ఫైల్‌కు లైబ్రరీ పేరు వెట్టుడు. రాండమ్ అనే లైబ్రరీ నేర్చుకుంట ఫైల్‌కు రాండమ్ డాట్ పివై అని పేరు వెడ్తరు. పైథాన్ ముందుగాల మీ ఫోల్డర్లనే ఎతుకుతది. లైబ్రరీ జాగల మీ ఫైల్‌నే తెరుస్తది. పేరు మార్చంగనే సాఫ్ అయితది.

రోజుకు జీబిన్నర డేటా ఉన్నోళ్లకు

మనకు ఇంట్ల వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అయిదుగురు దోస్తులు ఒకే సామాన్ అయిదుసార్లు దించుకునుడెందుకు? సిగ్నల్ మంచిగున్న కాడ ఒక్కరు దించండ్రి. పిప్, స్పేస్, డౌన్‌లోడ్, హైఫన్ ఆర్, చిట్టీ పేరు, హైఫన్ డి, ఫోల్డర్ పేరు. ప్యాకెట్లన్నీ గా ఫోల్డర్ల వడ్తయి. పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని పక్కోని ఇంటికి పోయి, వాని మడిల పిప్ ఇన్‌స్టాల్, రెండు హైఫన్లు నో-ఇండెక్స్, రెండు హైఫన్లు ఫైండ్-లింక్స్, గా ఫోల్డర్ పేరు, హైఫన్ ఆర్, చిట్టీ పేరు కొడ్తె నెట్ లేకుంటనే ఎక్కుతది. ఇద్దరి డబ్బాల ఒకే విండోస్, ఒకే పైథాన్ వెర్షన్ ఉండాలె, గదొక్కటే షరతు.

ల్యాప్‌టాప్ లేనోళ్లు, ర్యామ్ తక్కువున్నోళ్లు గూగుల్ కొలాబ్‌ల మొదలువెట్టచ్చు. బ్రౌజర్ల తెరుసుకుంటది, ముఖ్యమైన లైబ్రరీలు ముందుగాల్నే ఎక్కించి ఉంటయి. ఉత్తగ వాడుకునేటందుకు కొన్ని హద్దులుంటయి గాని నేర్చుకునేటందుకు సాల్తది.

కాలేజీలను ఒక మాట అడుగుదాం

గీ మొత్తం ముచ్చట నేర్పేటందుకు ఒక్క పూట సాలు. ఆగమాగం జేసే నాలుగేండ్ల సదువుల గా ఒక్క పూట ఎందుకు దొర్కుతలేదు? ల్యాబ్‌ల అన్నీ ఎక్కించి ఉన్న కంప్యూటర్ల ముందట కూసోవెట్టి ప్రోగ్రామ్ రాయిస్తరు. ఇంటికొచ్చి సొంత డబ్బాల రాద్దామంటే మొదటి మెట్టు కాడనే జారి పడ్తడు పిల్లగాడు. ప్రతి ల్యాబ్ పనితోని ఒక చిట్టీ ఇయ్యండ్రి, ఏ పైథాన్ వెర్షనో జెప్పండ్రి. పైస ఖర్చు లేని పని. గిది జెయ్యకుంట "పిల్లలు ప్రాజెక్టులు కొంటున్నరు" అని తిట్టుడు న్యాయం గాదు.

కొన్నోళ్ల తప్పు లేదని నేను అంటలేను. ఆ రాత్రి ప్రాజెక్టు నడిచినంక వాని మొఖంల సంబురం లేదు. "అన్నా, ఇది గింతేనా? గిది తెలిస్తె నేనే రాసుకుంటుంటి గదా" అన్నడు. ఆరు వేలు పోయినందుకు గాదు, మూడు నెల్ల కింద తనను తాను మొద్దు అనుకున్నందుకు బాధపడ్డడు.

మళ్ల వారం వాడు తన క్లాస్‌ల ఇద్దరికి మడి గట్టి, చిట్టీ రాసిచ్చిండని తెలిసింది. ఒకామె చేర్యాల దిక్కు కెంచి వస్తదట, ఆమె పెన్‌డ్రైవ్‌ల సామాన్ ఏసుకొని పోయి హాస్టల్ల ఇంకో నలుగురికి ఎక్కించింది. పట్నం పోరనికి ఇంట్ల ఉన్న అన్న మనకు లేడంటిమి గదా. గిది సదివినంక మీ వాడకట్టుకు గా అన్న, గా అక్క మీరే కావచ్చు. ఇయ్యాల రాత్రే ఒక ఫోల్డర్ తెరిచి మొదటి మడి గట్టండ్రి. ఎర్రర్ వస్తె కిందికెంచి సదువుండ్రి.